ఫైలు లేని నిఘా

సూరత్ డిండోలిలో మన సాంచాల (మరమగ్గాల) వాళ్లుండే సొసైటీల్లో గేటు దగ్గర సీసీ కెమెరా ఉంటుంది. దొంగల కోసమని చందా వసూలు చేసేటప్పుడు చెప్తారు. దొంగ సంగతేమో గానీ, నైట్ డ్యూటీ అని చెప్పి సెకండ్ షోకు పోయినవాడు మాత్రం తప్పకుండా దొరుకుతాడు. "రాత్రి మీ తమ్ముడు ఎవరి బండి మీద దిగిండన్నా?" అని మూడో అంతస్తు వదినె అడిగిందంటే ఆ తమ్ముడి పని అయిపోయినట్టే. ఆమెకు అసలు కెమెరాతో పని లేదు. బాల్కనీలో మిరపకాయలు ఎండబోస్తూ నిలబడితే చాలు, సాయంత్రానికల్లా వరంగల్‌లోని వియ్యపురాలికి రిపోర్టు అందుతుంది.

మొన్న రెండో కెమెరా పెట్టాలని మీటింగులో అందరూ చేతులెత్తారు. ఎటు తిప్పాలన్న దగ్గరే పేచీ వచ్చింది. ఎవరి తలుపు మీద వాళ్లకు వద్దు, ఎదురింటి తలుపు మీదైతే రెండు పెట్టినా సరే.

సర్కారుకు ఇంత సులువు కాదు పాపం. ఫోను వినాలంటే హోం కార్యదర్శి స్థాయి ఆర్డరు కావాలి. ఆ ఆర్డరుకు 60 రోజుల గడువు, పొడిగించినా 180 దాటకూడదు. పైన రివ్యూ కమిటీ. ఫోన్ల నిఘా మీద పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1996లో చెప్పిన జాగ్రత్తలకు కొనసాగింపే ఇవన్నీ. వదినెకు ఏ కమిటీ లేదు, గడువు అసలే లేదు. 2009 నాటి సంగతి కూడా తారీఖుతో చెప్తుంది.

ఇన్ని జాగ్రత్తలున్నా ఏం జరిగిందో చూడండి. హైదరాబాద్‌లో పోలీసుల ఎస్ఐబీ (స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచి) ఉన్నది మావోయిస్టుల ఆచూకీ తీయడానికి. అక్కడ ప్రతిపక్ష నాయకుల ఫోన్లూ, వ్యాపారుల ఫోన్లూ కూడా విన్నారని పోలీసుల ఆరోపణ. అడవిలో ఉండాల్సిన అన్నలు జూబ్లీహిల్స్‌లో దొరుకుతారనుకున్నారేమో. 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలొచ్చాయి. మర్నాడు రాత్రి హార్డ్‌డిస్కులు ముక్కలు చేసి మూసీలో కలిపారని, అంతకుముందే ఆఫీసులో సీసీ కెమెరాలు ఆపేశారని 2024 మార్చిలో కేసు పెట్టినవాళ్ల కథనం. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది. ఆ కథనమే నిజమైతే, కెమెరా ఆపిన ఆ ముందుచూపుకు మాత్రం దండం పెట్టాలి. కెమెరా అంటే ఎంత భయపడాలో వాళ్లకు తెలిసినట్టు మనకేం తెలుసు?

ఆ విభాగానికి అధిపతిగా చేసిన ప్రభాకర్ రావు అమెరికాలో ఉండిపోయారు. పాస్‌పోర్టు రద్దు చేశారు, రెడ్ కార్నర్ నోటీసు అన్నారు. సుప్రీంకోర్టు ఊరట ఇచ్చాక 2025 జూన్‌లో ఆయనే విమానం దిగారు. అంతదాకా ఆయన ఎక్కడున్నారో తెలియనివాళ్లు లేరు, తీసుకురాగలిగినవాళ్లూ లేరు.