ప్రతికి చేరులోపు: టీకా తాత్పర్య సహితము

ఆ.వె.
మూలమందు వ్రాయ మూలమే యెఱుగును
ప్రతికి చేరులోపు ప్రశ్న వచ్చు
అడుగువాని కచట నట్టిది లేదను
అంతరంబు క్షణమె యంత రచ్చ!

టీక: మూలమందు = ప్రైమరీ సర్వరునందు; వ్రాయన్ = మార్పు నమోదు చేయగా; మూలమే = ఆ సర్వరొక్కటే; ఎఱుగును = తెలిసికొనును; ప్రతికి = రెప్లికాకు; చేరులోపు = ఆ మార్పు అందకముందే; ప్రశ్న = క్వెరీ; వచ్చున్ = లోడ్ బ్యాలన్సరు పుణ్యమా అని దాపురించును; అచట = ఆ రెప్లికాయందు; అట్టిది లేదు అనున్ = నిజాయితీగానే అబద్ధమాడును; అంతరంబు = ల్యాగు.

తాత్పర్యము: ఒకానొక కొనుగోలుదారు సైటులో అడ్రసు మార్చి సేవ్ నొక్కెను. ‘మార్పు నమోదైంది’ అని పచ్చరంగులో వచ్చెను. దాని కిందనే పాత డోరు నంబరు! మరల నొక్కెను. కస్టమర్ కేరుకు ఫోను చేసెను. ‘మాకు కొత్తదే కనబడుతోంది సార్’ అనిరి. ఇద్దరును సత్యమే పలికిరి.

విశేషములు: మైఎస్‌క్యూఎల్‌లో ప్రైమరీ ప్రతి మార్పునూ బిన్‌లాగులో రాస్తుంది. రెప్లికా దాన్ని తెచ్చుకుని, తన రిలే లాగులో పెట్టుకుని, వరుసగా అమలు చేస్తుంది. మామూలుగా ప్రైమరీ ఎవరికోసమూ ఆగదు. అందరూ రాసుకున్నాకే ‘అయింది’ అనవచ్చు కదా అని పూర్వపక్షం. అనవచ్చు, ఒక్క రెప్లికా కునుకు తీసినా సైటంతా నిలబడిపోతుంది. సెమీ సింక్ అనే మధ్యేమార్గంలో కనీసం ఒక రెప్లికా నుంచి రసీదు వచ్చేదాకా ఆగుతారు. కానీ అది ముట్టినట్టు సంతకమే, చదివినట్టు కాదు.

ల్యాగు కొలిచే ‘సెకండ్స్ బిహైండ్ సోర్స్’ (పాత పేరు ‘సెకండ్స్ బిహైండ్ మాస్టర్’) సున్నా చూపితే కొత్తవాళ్లు నిద్రపోతారు. నెట్‌వర్కు నత్తనడక నడుస్తున్నప్పుడు తెచ్చుకున్నదంతా అమలు చేసేసిన రెప్లికా కూడా సున్నాయే చూపిస్తుంది. రానిదాని సంగతి దానికేం తెలుసు?

‘క్షణమె యంత రచ్చ’ అన్నది అతిశయోక్తి అని కొందరి ఆక్షేపణ. వారు గిట్‌హబ్ వృత్తాంతం చిత్తగించాలి. 2018 అక్టోబరు 21న అమెరికా తూర్పు తీరంలో ఆప్టికల్ పరికరం మారుస్తుండగా 43 సెకన్లు లింకు తెగింది. ఆర్కెస్ట్రేటర్ అనే సాధనం తూర్పున ప్రైమరీ పోయిందనుకుని, పడమటి తీరంలోని సర్వర్లకు పట్టం కట్టింది. అప్పటికే తూర్పున రాసిన కొన్ని మార్పులు పడమటికి చేరలేదు. పడమట కొత్తవి పడనే పడ్డాయి. ఇక ఎవరికెవరు ప్రతి? వేగం కంటే డేటా ముఖ్యమనుకుని బ్యాకప్‌ల నుంచి పునరుద్ధరించారు. అది సరైన నిర్ణయమే. సేవలు పూర్తిగా కుదుటపడేసరికి 24 గంటల 11 నిమిషాలైంది. అప్పటికీ, బాగా రద్దీగా ఉండే ఒక క్లస్టరులో పడమటికి చేరని రాతలు 954 మిగిలాయి. వాటిలో యంత్రమే కలపగలిగేవేవో, వాడుకరులను అడగాల్సినవేవో లాగులు ముందేసుకుని ఏరుకోవలసి వచ్చింది.