చాంబర్ మేస్త్రీ

చాంబర్ మేస్త్రీ ఉప్పల్ రింగురోడ్డు నుంచి నాచారం పారిశ్రామికవాడ దాకా, లారీ ఒక పూట నిలబడే జాగా ఎక్కడుంటే అక్కడ ఉంటాడు. షెడ్డుకు బోర్డు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. నేల మాత్రం నల్లగా ఉండి తీరాలి. ఆ నలుపు మందాన్ని బట్టే డ్రైవర్లు అతని అనుభవాన్ని లెక్కగడతారు. అతని వయసు చెప్పడం కష్టం, ముఖం ఎప్పుడూ ఇంజన్ కిందే ఉంటుంది గనక. బయటికి కనిపించేవి రెండు కాళ్లు. బేరమైనా వాటితోనే ఆడుకోవాలి.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే రేకు తొట్టే చాంబర్. అది కారితే కారణం మేస్త్రీకి ముందే తెలుసు: "బోల్టులు లూజైనయ్." 13 నంబరు పానాతో చుట్టూ ఒక్కో బోల్టునూ పావు చుట్టు బిగించి, కింద గుడ్డతో తుడుస్తాడు. చుక్క ఆగుతుంది. ఆగింది తుడిచినందుకే తప్ప బిగించినందుకు కాదని మర్నాడు తేలుతుంది. ఈసారి అర చుట్టు బిగిస్తాడు.

చిక్కంతా ఆ అర చుట్టులోనే ఉంది. పైన బ్లాకు పోత ఇనుము, కింద చాంబర్ పలచని రేకు. బిగువు మితిమీరితే బోల్టు రంధ్రం దగ్గర రేకు పైకి లాగుకుపోతుంది; రెండు బోల్టుల నడుమ అంచు కిందికి జారుతుంది. కార్క్ ప్యాకింగ్ ఒకచోట నలిగి పిండవుతుంది, పక్కనే వదులై దారిస్తుంది. మామూలు 8 మి.మీ. బోల్టుకు పాతిక న్యూటన్ మీటర్ల బిగింపు ఎక్కువలో ఎక్కువ. కార్క్ ఉన్నచోట ఇంకా తక్కువ చాలు. దీన్ని కొలిచే టార్క్ రెంచి ఒకటుంది. మణికట్టు మీద నమ్మకం లేనివాళ్ల కోసం చేశారని మేస్త్రీ అభిప్రాయం. అతని మణికట్టుకు బలం ఉన్నన్నాళ్లూ లీకేజీకి ఢోకా లేదు.

మూడోసారికి చాంబర్ దించక తప్పదు. చాలా లారీల్లో ముందు ఇరుసు అడ్డొస్తుంది. ఇంజన్ మౌంటింగులు వదులు చేసి, జాకీ మీద కట్టెముక్క పెట్టి ఇంజన్‌ను కాస్త లేపాలి. ఈ పని మేస్త్రీ నిజంగా బాగా చేస్తాడు. ఆ తర్వాత చేయాల్సింది ఓపిక పని: పాత ప్యాకింగ్ గీకడం, సొట్టపోయిన అంచును చదునైన ఇనుము మీద పెట్టి చిన్న సుత్తెతో సరిచేయడం, నూనె మరక లేకుండా రెండు వైపులా తుడవడం. అది షెడ్డులోని పిల్లగాడి వంతు. ఆ పిల్లగాడు అప్పటికే చాయ్ తేవడానికి వెళ్లి ఉంటాడు.

దాంతో అతుకుకు పూసే అనాబాండ్ ట్యూబు బయటికి వస్తుంది. సన్నని తీగలా పూయాల్సిన ఆ మందును మేస్త్రీ ట్యూబు చివరిదాకా చుట్టి చుట్టి ఖాళీ చేస్తాడు. ఎక్కువైనది లోపలికి పొంగి, ముక్కలై, ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడగలదు. చుక్క కారే బండి కాస్తా ప్రెషర్ లేని బండి అవుతుంది. పూర్తిగా ఆరడానికి ఒక రోజు ఇవ్వడం మేలు. కానీ చర్లపల్లిలో లోడు ఉందని ఓనర్ ఫోన్ చేస్తాడు. చాయ్ గ్లాసు ఖాళీ కాకముందే ఇంజన్‌లో ఆయిల్ నిండుతుంది.

తీరా చూస్తే, కారేది చాంబర్ కాకపోవచ్చు. ఇంజన్‌లో అన్నిటికన్నా కింద ఉన్న పాపానికి పైవాళ్ల తప్పులన్నీ దాని మీదికి జారతాయి. టాపెట్ కవర్, ఫిల్టర్ మొదలు, ప్రెషర్ స్విచ్, క్రాంక్ వెనక సీలు, ఎక్కడ కారినా చివరికి చుక్క పడేది చాంబర్ అంచు నుంచే. బ్రీదర్ పూడుకుపోయినా అంతే. అరిగిన రింగుల సందుల్లోంచి దిగిన గాలి, బయటికి దారి లేక, బలహీనమైన అతుకు వెతుక్కుని ఆయిల్‌ను తోస్తుంది. కనిపెట్టే ఉపాయం చవకైనదే. ఇంజన్ కడిగి, ఆరనిచ్చి, పౌడర్ చల్లి, కాసేపు నడిపి, పైనుంచి కిందికి చూసుకుంటూ రావాలి. తడి గీత ఎక్కడ మొదలైతే దొంగ అక్కడే. పిల్లగాడికి ఇది తెలుసు. చెప్పినప్పుడు జవాబూ వచ్చింది: "ఇంజన్‌కు పౌడర్ రాసుడేందిరా, పెండ్లికి పోతుందా?"

వైఫల్యానికి మేస్త్రీ దగ్గర సిద్ధంగా ఉండే ముద్దాయి వరంగల్ రోడ్డు. దాని మీద ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ 2018లో మొదలై ఏళ్లకేళ్లు సాగుతుంటే, కింద గుంతలు అతనికి న్యాయవాదుల్లా పనికొచ్చాయి. "గా గుంతలల్ల ఎగిరితే నేనేం జేత్త సేటూ" అంటే ఓనర్ దగ్గర బదులుండదు. డ్రైవర్ మాత్రం ఈ వివాదంలోకి రాడు. లీటరు పోసి రెండు లీటర్ల లెక్క రాసే సౌకర్యం, కారే బండికే ఉంటుంది.

అయినా అతణ్ని తీసిపారేయలేరు. రాత్రి పదకొండింటికి డ్రైన్ బోల్టు మరలు పోయి వచ్చిన బండికి, లోడు దించకుండా, టార్చి నోట కరుచుకుని పెద్ద సైజు ట్యాప్ కొట్టి, కొత్త రాగి వాషర్‌తో తెల్లారేలోగా పంపించగలడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్ల జోలికి మాత్రం అంత తొందరగా పోడు. వాటి అడుగున వైరు ఏది కనిపించినా "కంపెనీకి తోల్కపో" అంటాడు.

పనికి గ్యారంటీ ఇస్తాడు. దాన్ని రోజుల్లో, కిలోమీటర్లలో కాక ఊళ్లలో చెబుతాడు. అనాబాండ్ పూసిన పనికి బీబీనగర్ దాకా, ఉత్త బిగింపుకైతే ఘట్‌కేసర్ దాకా.