నాలుగు రంగుల బొత్తాలు

నా పుట్టిల్లు జపాను. 1990 నవంబరులో మా సూపర్ ఫామికామ్ వీడియో గేమ్ యంత్రాలు అక్కడి దుకాణాలకు వచ్చాయి. ఒసాకాలో శిక్షణ ముగించుకున్న ఒక తెలుగు ఇంజినీరు, కొడుకు కోసం నన్ను చొక్కాల మధ్య సర్ది విశాఖపట్నం తెచ్చాడు. 100 వోల్టుల కరెంటుకు అలవాటుపడ్డ నాకు ఇక్కడి 230 పడదని తెలిసి స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కూడా కొన్నాడు. అలా ప్రాణగండం తప్పింది.

రంగుల సంగతి ఎవరూ చెప్పలేదు.

ఏవీ వైరు గుచ్చారు. బొమ్మ పైకి పైకి దొర్లింది. సెకనుకు 50 సార్లు గీసే టీవీ, బొమ్మను నిలిపే వీ-హోల్డ్ నాబ్ తిప్పాక నా 60కి సర్దుకుంది. పాట చక్కగా వినిపించింది. కానీ ఆటలోని మారియో టోపీ బూడిద రంగు, చెట్లూ ఆకాశమూ బూడిదే. పిల్లవాడి చేతిలోని రిమోట్ మీదేమో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ బొత్తాలు. వాటినీ తెరనూ మార్చి మార్చి చూశాడు. ఏమీ అనలేదు.

"టీవీ బాగుంది సార్, గేమూ బాగుంది. ఇది ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, మనది పాల్. రెండిటికీ పడదు," అన్నాడు చూడటానికి వచ్చిన మెకానిక్. నిజమే. నలుపు తెలుపు బొమ్మ మీద రంగును సన్నటి అలగా కలిపి పంపుతాను నేను. నా అల సెకనుకు దాదాపు 35.8 లక్షల సార్లు ఊగుతుంది. ఆ టీవీ వెతికేది 44.3 లక్షల ఊపును. అది దొరక్కపోతే లోపలి కలర్ కిల్లర్ సర్క్యూటు రంగును ఆపేస్తుంది.

పిల్లవాడు అలాగే ఆడాడు. సూపర్ మారియో వరల్డ్‌లో ఆకుపచ్చ తాబేలు గట్టు దాటి పడిపోతుంది, ఎర్రది గట్టు చివర వెనక్కి తిరుగుతుంది. ఏది ఏదో రంగే చెప్పాలి. వాడు బూడిదలో ముదురూ లేతా పోల్చుకోవడం నేర్చాడు. పోలిక తప్పినప్పుడల్లా మారియో ప్రాణం పోయేది, మళ్లీ మొదలుపెట్టేవాడు. నా దగ్గర 32,768 రంగులున్నాయి. ఒక్కటీ వాడికివ్వలేని ఆ సాయంత్రాలు తలుచుకుంటే నాకిప్పటికీ బాధే.

తర్వాత చాలా ఏళ్లు అటక మీదే ఉన్నాను. టీవీని మాత్రం వాళ్లమ్మ అమ్మనివ్వలేదు.

వాడే దించాడు నన్ను, తన కూతురి కోసం. నా వెనక సాకెట్‌లో 1, 2, 4 పిన్నుల దగ్గర ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఏ అలలోనూ కలవకుండా విడివిడిగా దొరుకుతాయి. ఐరోపాలో స్కార్ట్ సాకెట్ ఉన్న టీవీలకు సరైన కేబులుతో ఆ మూడూ తిన్నగా ఇచ్చేవారు. మా టీవీకి ఆ సాకెట్ లేదు. అందుకని వాడు ఒక ఎన్‌కోడర్ ఐసీ, 4.43 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ తెచ్చి, రెండు రాత్రులు కూర్చుని సోల్డరింగ్ చేశాడు. నా రంగుల్ని అది పాల్ అలలోకి మళ్లీ అల్లింది. 60 నాదే, ఊపు టీవీది.

"నాన్నా, ఎర్ర తాబేలు!" అంది పాప.

వాడు ఆడటం మరిచి చూస్తున్నాడు. తాబేలు గట్టు చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగింది.