ఇంకొక నాలుగు వేలు

ఎ.ఎం.డి. వారు 2023వ సంవత్సరము జనవరి మాసమున 7600 అను అంకెతో ఒక ప్రాసెసరును విడుదల చేసిరి. ఆ సంవత్సరమే మే మాసమున అదే 7600 అను అంకెతో ఒక గ్రాఫిక్స్ కార్డును విడుదల చేసిరి. మొదటిదాని యింటిపేరు రైజెన్, రెండవదాని యింటిపేరు రేడియాన్. ఒకటి మదర్‌బోర్డు సాకెట్టులో కూర్చుండి ఆటలోని లెక్కలన్నియు చేయును. మరియొకటి దాని క్రిందనున్న స్లాటులో వ్రేలాడుచు ఆ లెక్కల ననుసరించి బొమ్మలు గీయును. అంకె తప్ప ఈ రెంటికిని వేరు పోలిక లేదు. తాతగారి పేరు మనుమలందరకును పెట్టుటయు, పిమ్మట ఒక్క వసారాలో నలుగురు సుబ్బారావులు చేరినప్పుడు వారిని పెద్ద సుబ్బారావనియు, చిన్న సుబ్బారావనియు, నల్ల సుబ్బారావనియు, బందరు సుబ్బారావనియు విడదీసి పిలుచుటయు మన యిండ్లలో పూర్వాచారమే కావున, ఈ నామకరణ పద్ధతిని ఆక్షేపించు అధికారము మనకంతగా లేదు. ఐనను మన సుబ్బారావులలో ఎవ్వడును, తనకంటె నల్ల సుబ్బారావు ఏడువేల రూపాయలు చవుకగా దొరకునని అంగడిలో అనిపించుకొన్న దాఖలా లేదు.

గేమింగ్ కంప్యూటరు కొనదలచిన యువకుడు మొట్టమొదట పఠింపవలసినది ఈ ప్రత్యయ ప్రకరణమే. ఇంటెల్ వారి ప్రాసెసరు అంకె చివర 'కె' యున్నచో దాని వేగమును యజమాని తన యిష్టము చొప్పున పెంచుకొనవచ్చును. 'ఎఫ్' యున్నచో అందులో బొమ్మలు చూపు భాగము పనిచేయదు. వేరుగా కార్డు కొని తగిలించిననే గాని తెర వెలుగదు. 'కెఎఫ్' యున్నచో వేగమును ఎంతయైనను పెంచుకొనవచ్చును గాని, కార్డు వచ్చువరకు ఆ వేగమును కన్నులార చూచు భాగ్యముండదు. ఇంతటి 'కె' ప్రాసెసరును అదనపు మూల్యమిచ్చి కొన్న మహానుభావునకు, వేగము పెంచుటకు వీలులేని 'బి' తరగతి మదర్‌బోర్డును జతచేసి నవ్వుమొగముతో సాగనంపు వర్తకులును కలరు. కార్డులలోనికి వచ్చినచో ఎన్విడియావారి పక్షమున టి.ఐ., సూపర్, టి.ఐ. సూపర్ అనునవియు, ఎ.ఎం.డి. వారి పక్షమున ఎక్స్.టి., ఎక్స్.టి.ఎక్స్. అనునవియు బిరుదములై వెలయుచున్నవి. మన పండితుల బిరుదములకు ఏ ఆస్థానమున ఎవరిచ్చిరను చరిత్రయైన నుండెడిది. వీనికి అదియు లేదు.

ఈ శాస్త్రమునకు పరాకాష్ఠ 2022వ సంవత్సరమున కనబడినది. ఆ సెప్టెంబరులో ఎన్విడియా వారు 4080 అను ఒక్క పేరుతో రెండు కార్డులను ప్రకటించిరి: ఒకటి 16 జీబీది, రెండవది 12 జీబీది. పేరును బట్టి చూడగా మెమరీలో మాత్రమే భేదమని ఎవడైనను భావించును. లోపలి చిప్పే వేరని తెలిసిన పిమ్మట లోకమంతయు గగ్గోలు పెట్టినది. అప్పుడా సంస్థ వారు, తామింకను విడుదల చేయని ఆ చిన్నదానిని 'అన్‌లాంచ్' చేయుచున్నామని అక్టోబరులో ప్రకటించిరి. లేని విడుదలను వెనుకకు తీసికొనుట యెట్లో మన తార్కికు లెవ్వరును ప్రాగభావ ప్రధ్వంసాభావముల చర్చలో సైతము ఊహించి యుండలేదు. 2023 జనవరిలో ఆ చిప్పే 4070 టి.ఐ. అను కొత్తపేరుతో, 899 డాలర్లకు బదులు 799 డాలర్లకు, సిగ్గులేకుండ అంగడికి విచ్చేసెను. అంతకు పూర్వము 2014లో వచ్చిన 970 అను కార్డులో 4 జీబీ మెమరీ కలదని వ్రాసిరి. ఉన్నమాట నిజమే గాని చివరి అర జీబీ మిక్కిలి మందకొడిదని తరువాత బయటపడగా వ్యాజ్యము నడిచి, కొన్నవారికి తలకు 30 డాలర్ల చొప్పున ఇచ్చుటకు 2016లో రాజీ కుదిరినది. 2021లో 3060 అను కార్డు 12 జీబీతో వచ్చినది. 2023లో దాని వారసునిగా 4060 అనునది 8 జీబీతో వచ్చినది. రెండేండ్లలో అంకె వేయి పెరిగినది, మెమరీ నాలుగు జీబీలు తరిగినది. దీనిని అభివృద్ధి యనవలె.

ఈ అంకెల యడవిలో కొనుగోలుదారునకు దారిచూపుటకై సికింద్రాబాదు పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ వెలసి యున్నది. దానిని సి.టి.సి. యని పిలుతురు. అచ్చటికి కుమారునితో కూడ వచ్చిన తండ్రి, చేతిలోని కాగితముపై వ్రాసికొన్న మొత్తమును మించి ఒక్క రూపాయియు నీయనని ఇంటివద్ద ప్రతిజ్ఞచేసి వచ్చినవాడే యగును. వర్తకుడు ఆయనవంక చూడనే చూడడు, పిల్లవానివంక జాలిగా చూచి, "ఎయిట్ జీబీ తీస్కుంటే రేపు బాధపడ్తవ్ తమ్మీ. ఇంకో నాలుగు వేలు పెడ్తే సిక్స్‌టీన్ జీబీ వస్తది" అనును. "చదువుకే గదన్నా, అంత అవసరమా?" అని తండ్రి అడుగును. "చదువుకే సార్. ఇప్పుడు ఏఐ, మెషిన్ లెర్నింగు, అంత దీనిమీదనే నడుస్తది" అని వర్తకుడును, "ప్రాజెక్టులు కూడా నాన్నా" అని కుమారుడును ఏకకంఠముగా పలుకుదురు. ముందుగా ఒకరి ముఖమొకరు ఎరుగని ఈ యిద్దరి నడుమ ఇంతటి ఏకవాక్యత ఎట్లు కుదిరినదో ఆ తండ్రికి బోధపడదు. నాలుగు వేలు ఇచ్చును.

ఆ నాలుగువేలును కేవలము వర్తకుని చమత్కారమని తలపరాదు. అది తయారీదారుల విధానము. 2025లో వెలువడిన ఎన్విడియా 50 వరుస కార్డులకు ఆ సంస్థవారు అమెరికాలో ప్రకటించిన ధరలను 5060 మొదలుకొని వరుసగా చదివినచో 299, 379, 429, 549, 749, 999 డాలర్లని వచ్చి, తుట్టతుదకు 5090 వద్ద 1,999 డాలర్లగును. క్రింది మెట్లన్నియు, కాలెత్తినామను స్పృహయే కలుగనంత దగ్గర దగ్గరగా నుండును. 299 ఇచ్చువాడు 379 ఇయ్యలేడా? 379 ఇచ్చి 8 జీబీతో సరిపెట్టుకొనువాడు మరి 50 ఇచ్చి 16 జీబీ తెచ్చుకొనరాదా? అంతవరకు వచ్చినవాడు 549ని చూడకుండ కన్నులు మూసికొనగలడా? ఇట్లెక్కుచు పోయి 999 వద్ద ఆయాసముతో నిలిచినవానికి, పైన నిలువునా వేయి డాలర్ల గోడ కనబడును. అప్పుడు కూడ వాడు దిగిరాడు. ఆ గోడను చూచి, తాను మితవ్యయపరుడనని సంతోషించును. మన దేశమున ఈ ధరలపై పదునెనిమిది శాతము జి.ఎస్.టి. చేరును. ఆ యంశమును ఎవ్వరును సంభాషణ ఆరంభమున చెప్పరు.

ఇక పాండిత్యము గలవారి సంగతి. వీరి నోట సదా వినబడు మాట 'బాటిల్‌నెక్'. విషయము నిజానికి అతిసరళము: ఆటలోని ప్రతి దృశ్యమునకు ప్రాసెసరు లెక్క కట్టవలెను, కార్డు బొమ్మ గీయవలెను; ఏది ఆలస్యము చేసిన రెండవది దానికై కాచుకొని యుండును. తెరపై చుక్కలు తక్కువైన 1080పి యందు కార్డు పని తేలికయై భారము ప్రాసెసరుపై బడును. 4కె యందు బొమ్మ నాలుగింతలై కార్డు చెమటలు క్రక్కును. కావున ఏ తెర, ఏ యాట అను రెండు ప్రశ్నలు వేయకుండ ఏ జత మంచిదో బ్రహ్మదేవుడును చెప్పజాలడు. మన పండితులు మాత్రము ఆ రెండు ప్రశ్నలును వేయకయే, "నీ జతలో పదునాలుగు శాతము బాటిల్‌నెక్ కలదు" అని శాతముతో సహా ఫలము చెప్పుదురు. ఎంతటి జతలోనైనను రెంటిలో ఒకటి రెండవదానికంటె ముందుగా అలసిపోవును గదా యని యడిగితిమా, మన బడ్జెట్టెంతయని తిరుగుప్రశ్న వేయుదురు.

వీరికి ప్రమాణగ్రంథములు బెంచ్‌మార్కులు. ఎ.ఎం.డి. వారు 7800 ఎక్స్3డి అను ప్రాసెసరుపై అదనపు ఎల్3 క్యాషె మెమరీని అంతస్తుగా పేర్చి మొత్తము 96 ఎం.బీ. చేసిరి, మాటిమాటికి ర్యామ్ వద్దకు పరుగెత్తు బాధ తప్పుటచే ఆటలలో దానికి గొప్ప పేరు వచ్చినది, ఆ పేరునకది తగినదియే. అయితే ప్రాసెసర్ల తారతమ్యము బయటపడవలెనన్న, కార్డు అడ్డు రాకుండ చేయవలెను. అందుచేత పరీక్షకులు లోకములోని అత్యుత్తమమగు కార్డును తగిలించి, తక్కువ చుక్కల తెరపై ఆటను నడిపి చూతురు. పరీక్షకది న్యాయమైన పద్ధతి. ఆ పట్టికను చదివిన మన యువకుడు ఆ ప్రాసెసరును కొని, డబ్బు చాలక 8 జీబీ కార్డును తగిలించి, పట్టికలో తాను చూచిన ఎత్తైన గీత తన యింట ఏల లేవలేదని చింతించును. అటు పిమ్మట మిగిలిన సొమ్ముతో, అనగా సొమ్ము మిగులకపోవుటచే, అన్నగారు కాలేజీలో చదివిననాటి 60 హెర్ట్జ్ మానిటరునే ముందు పెట్టుకొనును. ఆ మానిటరు సెకనునకు అరువది బొమ్మలకు మించి చూపదు. లోపల మూడువందల బొమ్మలు తయారైనను అది తొణకదు.

బొమ్మల లెక్కయందును ఇప్పుడు మాయ ప్రవేశించినది. 2025 జనవరిలో లాస్ వేగాస్ సభయందు ఎన్విడియా అధిపతి జెన్సెన్ హువాంగ్ తళతళలాడు నల్లని తోలుకోటుతో వేదికనెక్కి, 549 డాలర్ల 5070 కార్డు 1,599 డాలర్ల 4090 కార్డుతో సమానముగా పనిచేయునని ప్రకటించెను. సభ హర్షధ్వానములతో మారుమ్రోగెను. ఆ సమానత్వము యొక్క రహస్యమేమనగా, కార్డు నిజముగా గీసిన ప్రతి బొమ్మకును మూడేసి బొమ్మలను కృత్రిమ మేధ ఊహించి నడుమ ఇరికించును. అంకె నాలుగింతలగును, మీట నొక్కినప్పుడు ఆట స్పందించు వేగము మాత్రము అసలు బొమ్మలదే. ఒక్క పుటను తాను వ్రాసి మూడు పుటలను ఊహకు విడిచిపెట్టు విలేఖరులను ఎరిగిన పత్రికాపాఠకులకు ఇది వింతగా తోచదు.

పచ్చరంగు ఎన్విడియాది, ఎరుపు ఎ.ఎం.డి.ది, నీలము ఇంటెల్‌ది. ఈ మూడు రంగుల వారి కలహము ముందు మన సినిమా అభిమానుల కలహము దాయాదుల పెండ్లివిందు. ఇంటెల్ 13, 14 తరముల ఉన్నతశ్రేణి ప్రాసెసర్లు అధిక వోల్టేజి పాలై క్రమముగా చెడుచున్నవని 2024లో తేలి, సంస్థవారు ఆగస్టులో మైక్రోకోడ్ సవరణ నిచ్చి వారంటీని రెండేండ్లు పొడిగించిరి. అప్పటికే చెడినదానిని ఆ సవరణ బాగుచేయలేదు. ఆ దినములలో నీలపక్షమువారు తమ కంప్యూటరు ఆగిపోయినప్పుడు అది విండోస్ దోషమని వాదించిన నిష్ఠను చూచినచో ఎట్టి పతివ్రతయు తలవంచవలసినదే. పచ్చ ఎరుపుల నడుమ మైత్రి చెడిన యువకులు తెలిసికొనదగిన సంగతి మరియొకటి కలదు. జెన్సెన్ హువాంగ్ తల్లియు, ఎ.ఎం.డి. అధిపతి లీసా సూ మాతామహుడును తోబుట్టువులు. అనగా హువాంగ్‌గారు లీసా సూ తల్లికి మేనత్త కొడుకు; మన వరుసల ప్రకారము ఆమె ఆయనను బాబాయి యని పిలువవలెను. ఒక తైవాను కుటుంబములోని బాబాయీ కూతుళ్ళ వ్యాపారమునకై కూకట్‌పల్లి హాస్టలులో ఒకే గదివారు మాటలు మానుకొని యున్నారు.

ఆ బాబాయిగారి దృష్టియైనను వీరిపై నున్నదా? 2025 జనవరితో ముగిసిన ఆర్థిక సంవత్సరమున ఎన్విడియా రాబడి సుమారు 13,050 కోట్ల డాలర్లు. అందులో గేమింగ్ వాటా సుమారు 1,135 కోట్లు. తక్కినదానిలో అత్యధికభాగము డేటా సెంటర్లది. ఆటగాని పేరు చెప్పుకొని పెరిగిన ఆ సంస్థకు నేడు ఆటగాడు పదింట ఒకవంతైనను కాడు.

ఉష్ణమును గూర్చి క్లుప్తముగా. 5090 కార్డు ఒక్కటియే 575 వాట్లు భక్షించును. రైజెన్ 7000 వరుస ప్రాసెసర్లు 95 డిగ్రీల వరకు కాగుట సహజమేనని తయారీదారులే సెలవిచ్చిరి. రెంటచింతలలోనో, రామగుండములోనో మే మాసమున ఈ రెంటిని ఒక గదిలో నుంచి ఆడదలచినవాడు ఏ.సీ. ధరను కూడ కంప్యూటరు ధరలోనే కలుపుకొనవలెను. అట్టివాడు చివరి వేయి రూపాయలు మిగుల్చుటకై వీనికి కరెంటు నందించు ఎస్.ఎం.పి.ఎస్.ను మాత్రము పేరులేని సంస్థది కొనును.

ఈ విద్యయందు రెండు సనాతన వాక్యములు కలవు. "ఇప్పుడే తీసుకోండి, వచ్చే నెల రేటు పెరుగుద్ది" అనునది వర్తకవాక్యము. "ఆగరా, మూడు నెలల్లో కొత్తది వస్తుంది, పాతది దిగుతుంది" అనునది మిత్రవాక్యము. ఎథీరియం నాణెములు త్రవ్వువారు కార్డులన్నిటిని ఎగరేసికొనిపోయిన 2021లో మిత్రుని నమ్మినవారు మోసపోయిరి. 2022 సెప్టెంబరులో ఎథీరియం ఆ త్రవ్వకమును మానుకొనగా వాడిన కార్డులు సంతకు వచ్చి, వర్తకుని నమ్మినవారు మోసపోయిరి. 2025 చివరకు కృత్రిమ మేధ వారి డేటా సెంటర్లు మెమరీ చిప్పులను మ్రింగివేయుటచే ర్యామ్ ధరలు మిన్నంటినవి; క్రూషియల్ అను పేరుతో సామాన్యులకు ర్యామ్ అమ్ముచుండిన మైక్రాన్ సంస్థ, ఆ వ్యాపారమునుండియే తప్పుకొందుమని డిసెంబరులో ప్రకటించినది. ఇన్నేండ్లుగా అలవాటు చొప్పున పలుకుచున్న వాక్యము ఒక్కపెట్టున సత్యమై కూర్చుండుటచే వర్తకులే తబ్బిబ్బగుచున్నారు. మొన్న సి.టి.సి.లో ఒక వర్తకుడు, పిల్లల మీద ఒట్టువేసి మరీ, ర్యామ్ వచ్చే వారమునకు ఇంకను పెరుగునని చెప్పుచుండగా, ఎదుట నిలిచిన బి.టెక్. కుర్రవాడు అంతయు విని, లోకజ్ఞానము ఉట్టిపడునట్లు చిరునవ్వు నవ్వి, "అందరు గట్లనే అంటరన్నా" అని, మూడు నెలలు ఆగుటకై ఇంటికి వెడలిపోయెను.