క్యాపు పంటి సూత్రం: టీకా తాత్పర్యం

మూలం: పన్ను పుచ్చె, క్యాపు వేసె, కంపు పోదాయె.

అవతారిక: నోటి కంపుకు కడుపును తిట్టడం లోకాచారం. చాలామందికి అది పుట్టేది నోట్లోనే. హైదరాబాద్ సిటీ సెంట్రల్ లైబ్రరీ చదువుల హాలు ఈ సూత్రానికి తగిన రంగస్థలం. గ్రూప్స్ అభ్యర్థులు టిఫిన్ మానేసి, మాటా పలుకూ లేక, భుజాలు రాసుకుంటూ కూర్చుంటారు. నమలని, మాట్లాడని నోట్లో లాలాజలం అంతగా ఊరదు. కడిగే నీరు చాలక కంపు ముదురుతుంది. కనుక ఈ సూత్రం పక్క కుర్చీవాడి ఉవాచ అని గ్రహించాలి.

ప్రతిపదార్థం: పన్ను = దవడ పన్ను అని అధ్యాహారం; ముందు పన్నయితే అద్దమే చెప్పేది. పుచ్చె = పురుగు తొలిచె అని పూర్వపక్షం. సుశ్రుత సంహితలోని క్రిమిదంతం దీనికి ప్రమాణం. 1890లో మిల్లర్ అనే దంతవైద్యుడు ఆ పురుగును కొట్టివేశాడు. నోటిలోని సూక్ష్మజీవులు తీపినీ పిండినీ పులియబెట్టి ఆమ్లం చేస్తాయనీ, పన్నును కరిగించేది అదేననీ సిద్ధాంతం. క్యాపు = అరగదీసిన పంటికి సిమెంటుతో అంటించిన తొడుగు. కంపు = హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్‌కాప్టాన్ అనే గంధకపు వాయువులు. మొదటిది కుళ్ళిన గుడ్డు వాసన. రెండోది, గ్యాసు బండ లీకయితే తెలియడానికి కలిపే మందుకు దగ్గరి చుట్టం.

తాత్పర్యం: వైద్యం జరిగింది, కంపు మిగిలింది. కారణముండీ కార్యం కలగలేదు గనక విశేషోక్తి అలంకారమని కొందరు మురుస్తారు. అది నిలవదు. క్యాపు అంచున సిమెంటు కరిగితే సందు పడుతుంది. అందులో అన్నం చేరి, లోపలి పన్ను మళ్ళీ పుచ్చుతుంది. రూట్ కెనాల్‌లో నరం తీసేసిన పంటికి నొప్పి ఉండదు కనుక ఏళ్ళు గడిచినా తెలియదు. ఆ సందులో ఫ్లాస్ దారం లాగి వాసన చూస్తే అలంకారశాస్త్రంతో పనిలేదు. బ్రిడ్జి కట్టించుకున్నవారికి కట్టుడు పంటి అడుగున కూడా ఇదే కథ. నాలుక వెనక పేరుకునే తెల్లటి పాచిని సూత్రకారుడు వదిలేశాడు; అది పెద్ద లోపమే.

శంక: నారాయణగూడలో మీఠా పాన్ వేసుకుంటే పోదా? సమాధానం: లవంగంలోని యూజినాల్ కాసేపు కప్పిపుచ్చుతుంది. గుల్కందు మాత్రం నేరుగా సూక్ష్మజీవులకు నైవేద్యం.

చికిత్స: ఎక్స్‌రే తీయాలి. లోహపు క్యాపు ఎక్స్‌రేను అడ్డుకుంటుంది గనక అంచుల్లోనే వెతకాలి. పుచ్చు దొరికితే క్యాపు విప్పి, గీకి, కొత్తది వేయడమే. పుక్కిలించే మందులు అర్థవాదం.

పాఠాంతరం: "కంపు పోయె" అని రోగి స్వయంగా చెప్పే ప్రతి ఒకటుంది. సొంత వాసనకు ముక్కు అలవాటు పడుతుంది గనక అది అప్రామాణికం. ఇంట్లోవాళ్ళ ప్రతుల్లో ఈ పాఠం కానరాదు.