డిగ్రీల బాబు

డిగ్రీల బాబుకి ముప్ఫై దాటాయి. పెళ్ళయింది, బ్యాంకులో ఉద్యోగం. ఇంత వయసొచ్చినా ఎప్పుడూ గేములాడుతుంటాడని ఇంట్లోవాళ్ళ ఫిర్యాదు. అది అన్యాయం. అతను ఆడగా చూసినవాళ్ళెవరూ లేరు.

అమెరికా బావగారు సంక్రాంతికి వస్తూ బట్టల మధ్య పెట్టి తెచ్చిన స్టీమ్ డెక్ అనే గేమ్ యంత్రం అతని చేతిలో ఉంటుంది. తెర మీద వీరుడు కత్తి దూసి రాక్షసుడి ముందు నిలబడతాడు. బాబు చూపు మాత్రం వీరుడి మీదా ఉండదు, రాక్షసుడి మీదా ఉండదు. పై మూలలో చిన్న అక్షరాల్లో కదిలే అంకెల మీద ఉంటుంది. 71. 74. 78. రాక్షసుడు ఇంకో అడుగు వేసేలోపు పాజ్ పడుతుంది.

"కాస్త చల్లారనీ" అంటాడు, రాక్షసుడితోనే అన్నట్టు.

ఇలాంటివాడు ఇప్పుడు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఒకడున్నాడు. మా విజయవాడలో అయితే బ్లాకుకి ఒకడు చొప్పున ఉంటాడని నా అంచనా. కారణం ఎండే. 2022 జులైలో యూరప్ వడగాలికి ఉడికిపోతున్నప్పుడు, స్టీమ్ డెక్ తయారుచేసే వాల్వ్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. చుట్టూ ఉన్న గాలి 0 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటే యంత్రం హాయిగా పనిచేస్తుంది. లోపలి చిప్ 100 డిగ్రీలకు చేరితే తనే వేగం తగ్గించుకుంటుంది, 105కి చేరితే ఆగిపోతుంది. అదే నెలలో జపాన్‌లో నింటెండో కూడా తన గేమ్ యంత్రమైన స్విచ్‌ని 5 నుంచి 35 డిగ్రీల మధ్యే వాడుకోమని గుర్తుచేసింది. ఈ రెండు కంపెనీలవాళ్ళూ రోహిణి కార్తెలో బెజవాడ బస్టాండులో దిగినట్టు లేదు. ఇక్కడ 35 అంటే "ఇవాళ కాస్త చల్లబడింది కదండీ" అనుకునే రోజు. ఇక రెంటచింతలవాళ్ళు ఆ కాగితం చదివితే మే నెలంతా యంత్రాన్ని చుట్టాలింటికి పంపాల్సి వస్తుంది.

ఆ ప్రకటనని బాబు పురోహితుడు సంకల్పం చెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెబుతాడు. చిక్కేమిటంటే, చెప్పేటప్పుడు రెండు లెక్కలు కలిపేస్తాడు. 35 అన్నది గదికి, 100 అన్నది చిప్‌కి. చిప్ 85 దగ్గర ఉందంటే అది తన పని తాను చేసుకుంటోందని అర్థం. రాగి గొట్టం ఆ వేడిని ఫ్యాన్ దాకా మోస్తుంది, ఫ్యాను వెనకవైపు నుంచి గాలి పీల్చి పైఅంచు నుంచి బయటికి తోస్తుంది. కానీ పీల్చేది గదిలో ఉన్న గాలినే కదా. గది 43 దగ్గర ఉంటే ఫ్యాను మాత్రం ఎక్కణ్ణుంచి చలవ తెస్తుంది? కాబట్టి బాబు చూడాల్సింది గోడ మీది థర్మామీటరు. చూసేది మాత్రం తెర మూల. 85 కనపడగానే అతనికి చెమట పడుతుంది.

అప్పుడు పరికరాలు బయటికొస్తాయి. మొదటిది కరోనా రోజుల్లో గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన తుపాకీ. మనుషుల జ్వరాలకు చేసిన ఆ పరికరాన్ని డెక్ పైఅంచుకి పెడితే, జ్వరాల హద్దు దాటగానే "హై" అని చూపించి ఊరుకుంటుంది. బాబు దాన్ని ఇంటిల్లిపాదికీ చూపిస్తాడు. రెండోది సెట్టింగులు. పదిహేను వాట్లు తాగగల చిప్‌ని ఎనిమిది వాట్లకు కుదిస్తాడు, సెకనుకి అరవై బొమ్మలు రావాల్సిన చోట నలభైకి కోత పెడతాడు. నిజం చెప్పాలంటే ఇది మంచి పద్ధతే. వేడి తగ్గుతుంది, చార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుంది. అయితే అక్కడ ఆగాలి కదా! ఎనిమిది నుంచి ఆరు, ఆరు నుంచి నాలుగు. చివరికి వీరుడు వారం రోజులు ఏకాదశి ఉపవాసం ఉన్నవాడిలా అడుగులో అడుగేస్తుంటే "చూశావా, 52" అని పొంగిపోతాడు.

మూడోది ఏసీ. ఆ గది తలుపు తీయాలంటే అనుమతి కావాలి. మిట్టమధ్యాహ్నం కరెంటు బిల్లు కట్టి ఇంటికొచ్చిన తండ్రి, కండువాతో మొహం తుడుచుకుంటూ లోపలికి అడుగుపెట్టబోయాడు.

"నాన్నగారూ, తలుపు! వేడిగాలి వచ్చేస్తోంది!"

"ఆ గాలిలోనే వెళ్ళి నీ ఏసీ బిల్లు కట్టొచ్చానురా."

"మీకేం నాన్నగారూ, మీకు అలవాటే."

ఫ్రిజ్ ఆలోచన కూడా వచ్చింది. భార్య పెరుగు గిన్నె జరపనని మొండికేసింది కాబట్టి డెక్ బతికింది. ఫ్రిజ్‌లో చల్లబడ్డ వస్తువుని మన ఉక్కపోతలోకి తీస్తే ఒళ్ళంతా నీటి బొట్లు పడతాయి, లోపలా పడతాయి. వేడికి తట్టుకునే ఏర్పాట్లు చిప్‌కి ఉన్నాయి గానీ, నీళ్ళకి లేవు.

ఇంత జాగ్రత్తపరుడు అసలు ప్రమాదాన్ని ఒళ్ళో పెట్టుకు తిరుగుతాడు. లోపల సుకుమారమైంది చిప్ కాదు, బ్యాటరీ. లిథియం అయాన్ బ్యాటరీని సాధారణంగా 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జి చేయకూడదు. ఎక్కువకాలం వేడిలో నానితే త్వరగా ముసలిదైపోతుంది, ఒక్కోసారి ఉబ్బి వెనక మూతని తోసుకొస్తుంది. బాబు ఆ సంగతి ఎరుగడు. మెత్తటి బొంత మీద, దిండుకి ఆనించి, చార్జర్ తగిలించి ఆడిస్తాడు. గాలి పీల్చే రంధ్రాలు వెనకే ఉన్నాయని చెబితే "దిండు దూదిదే కదా" అంటాడు. మే నెల పెళ్ళికి వెళ్ళినప్పుడు దొంగల భయంతో డెక్‌ని ఎండలో నిలిపిన కారులోనే పెట్టి తాళం వేశాడు. ఆ కారు లోపల 60 దాటడం వింతేమీ కాదు. పాపం, భోజనాల పంక్తిలో కూర్చుని హాలు వేడిగా ఉందని మాత్రం బాధపడ్డాడు.

వేరే కంపెనీల యంత్రాల కష్టాలన్నీ అతనికి కంఠస్థం. 2023లో వచ్చిన రాగ్ ఆలైలో మెమరీ కార్డు పెట్టే చోటు వేడిగాలి బయటికొచ్చే చోటు పక్కనే ఉండటం, కార్డులు పాడవుతున్నాయని జనం గోల పెట్టడం, అసుస్ కంపెనీ ఫ్యాను వేగం పెంచడం, అన్నీ బంధువుల ఆపరేషన్ల కబుర్లలా చెబుతాడు. అతనికి గిట్టని కథ ఒక్కటే. 1989 నాటి గేమ్ బాయ్, నాలుగు పెన్సిల్ బ్యాటరీల బడుగు ప్రాణి, ఫ్యాను కూడా లేదు. గల్ఫ్ యుద్ధంలో ఒకటి కాలి, దాని ప్లాస్టిక్ కరిగి ముడతలు పడింది. అయినా పనిచేసింది. నింటెండో దాన్ని న్యూయార్క్ దుకాణంలో ఏళ్ళ తరబడి ప్రదర్శనకి పెట్టింది. ఎవరైనా ఆ సంగతి ఎత్తితే బాబు లేచి మంచినీళ్ళకి వెళ్తాడు.

మొన్న జనవరిలో భార్య పట్టుబట్టి లంబసింగి బయల్దేరదీసింది. చల్లటి చోటుకి వెళ్తే ఈ మనిషి చేతిలోంచి ఆ తుపాకీ దిగుతుందని ఆవిడ ఆశ. మేనల్లుడూ తన స్విచ్‌తో వచ్చాడు. తెల్లవారుజామున మంచులో అందరూ చలిమంట చుట్టూ చేరారు. బాబు ఫోన్‌లో చూశాడు, 3 డిగ్రీలు. వెంటనే కుర్రాడి చేతిలోంచి స్విచ్ లాక్కుని భార్య శాలువాలో చుట్టాడు.

"మామయ్యా, ఇవ్వు, ఆడుకుంటా."

"ఆగరా, ఐదు రానీ."

మంట దగ్గరికి జరిగాడు. అంతలోనే 35 గుర్తొచ్చి వెనక్కి జరిగాడు. మళ్ళీ ముందుకి.

శాలువా పోగొట్టుకున్న భార్య పళ్ళు టకటకలాడుతుంటే గ్లాసు చాపింది. "మధ్యలో ఎక్కడో ఒకచోట కూర్చోండి. టీకి కూడా డిగ్రీలుంటాయి."