నీళ్లు ఇడుస్తరు సారూ

ముప్పై ఒక్క ఏళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. అన్నీ మిర్యాలగూడ చుట్టుపక్కల బడులే. కృష్ణ ఉపనదులు చెప్పమంటే మా పిల్లలు నిద్రలో లేపినా చెప్పేవాళ్లు. మూసీ పేరు వచ్చేసరికి నా గొంతు కొంచెం లేచేది. అనంతగిరి కొండల్లో పుట్టి, హైదరాబాదు మీదుగా వచ్చి, మన వాడపల్లిలో కృష్ణలో కలుస్తుందని బోర్డు మీద గీత గీసి, చివర ఒక చుక్క పెట్టేవాణ్ణి. ఆ చుక్క దగ్గరే, కొన్నేళ్ల కిందట, మా మనవడి ప్రాణం మీదికి తెచ్చాను.

ఆ రోజు ఏం జరిగిందో మా ఇంట్లో ఇప్పటికీ ఎవరికీ సరిగా తెలియదు. తెలియకుండా చేసిందీ నేనే.

అంతా మొదలైంది ఒక ఫోన్‌తో. మా చెల్లెలి కొడుకు కొరియాలో, బూసాన్‌కు ఉత్తరాన ఉన్న ఉల్సాన్ నగరంలో, ఓడలు కట్టే కంపెనీలో ఇంజనీరు. 1962లో ఆ దేశం పరిశ్రమల కోసం ప్రత్యేకంగా ఎంచుకున్న ఊరు అది. కార్లు, ఓడలు, చమురు శుద్ధి, అన్నీ సముద్రం ఒడ్డునే. తెహ్వా అనే నది ఊరి నడుమ నుంచి పోయి ఆ సముద్రంలో కలుస్తుంది. ఫ్యాక్టరీలు, ఇళ్లు వదిలిన మురికితో ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటాల్సిన నది. దాన్ని ఏళ్ల తరబడి శుభ్రం చేసుకున్నారు. ఒడ్డున వెదురు తోపు కాపాడుకున్నారు. 2019లో ఆ ఒడ్డును జాతీయ ఉద్యానంగా ప్రకటించుకున్నారు. మావాడు అక్కడ నడుస్తూ వీడియో కాల్ చేసి, "మామా, నీళ్లు చూడు, దూరంగా ఫ్యాక్టరీలు చూడు, రెండూ ఎట్ల ఉన్నయో" అన్నాడు.

వాడు గొప్పకు చూపలేదు. నాకే మనసులో ఎక్కడో గుచ్చుకుంది. "మాకు లేదారా నది? మాకు లేవా ఫ్యాక్టరీలు? ఆదివారం ఫొటో పంపిస్త చూడు" అన్నాను.

ఆ ఆదివారం ఫిబ్రవరిలో పడింది. సెలవుకు వచ్చిన మనవణ్ణి వెంట పెట్టుకుని బయల్దేరాను. వాడికి తొమ్మిదేళ్లు. మిర్యాలగూడ దాటుతుంటే రైస్ మిల్లుల ఉప్పుడు వడ్ల వాసన కారులోకి వచ్చింది. నార్కట్‌పల్లి నుంచి అద్దంకి పోయే రోడ్డు అది. దామరచర్ల దాటాక లారీలు తప్ప వేరే బండి కనిపించదు. ఈ నేల కింద అంతా సున్నపురాయి. అందుకే విష్ణుపురం, గణేశ్‌పహాడ్, భవానీపురం, ఇంకా కిందికి మట్టంపల్లి, మేళ్లచెరువు, కృష్ణ ఒడ్డు పొడుగునా సిమెంటు ఫ్యాక్టరీలు వరుస కట్టాయి. దూరంగా వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం గొట్టాలు. 800 మెగావాట్లవి ఐదు యూనిట్లు, మొత్తం 4,000 మెగావాట్లు. ఇవన్నీ కారు నడుపుతూ మనవడికి చెబుతూనే ఉన్నాను. అంకెలు నాకు నోటికి వచ్చు. వాడు వింటున్నాడని మురిసిపోయాను.

వాడపల్లిలో ముందు నరసింహస్వామిని చూశాం. గర్భగుడిలో రెండు దీపాలు ఉంటాయి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్నది రెపరెపలాడుతుంది, కింది దీపం కదలదు. స్వామి ఊపిరి తగిలి ఆడుతుందంటారు. మనవడు కళ్లు పెద్దవి చేసుకుని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత రేవుకు దిగాం.

ఆ ఏడు పులిచింతలలో నీళ్లు తగ్గి ఉన్నాయి. అది నిండుగా ఉంటే వెనక నీరు ఇక్కడి దాకా తన్ని, నది చెరువులా నిలబడుతుంది. ఆ రోజు అలా లేదు. నది మధ్య బండలు తేలి, వాటి నడుమ సన్న పాయలు పారుతున్నాయి. ఒక పెద్ద బండ మీద నిలబడితే ముందు నీళ్లు, వెనక గుడి, ఆ పైన ఫ్యాక్టరీ పొగ గొట్టం, అన్నీ ఒకే ఫొటోలో పడతాయని నాకు తోచింది. ఉల్సాన్‌కు పంపాల్సిన ఫొటో అదే.

ఒడ్డున పుట్టి బోర్లించి, దాని నీడలో ఒకాయన వల బాగు చేసుకుంటున్నాడు. నా వయసువాడే. మేం చెప్పులు విప్పుతుంటే తల ఎత్తాడు.

"సారూ, ఆడికి పోవద్దు. నీళ్లు ఇడుస్తరు."

"ఎవరు ఇడుస్తరయ్యా? వానలు లేవు, వరద లేదు. ఇది ఫిబ్రవరి నెల" అన్నాను.

"వానతోని ఏం పని సారూ, కరెంటుతోని పని."

నేను నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. బడిలో తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి చూసి నవ్వినట్టు నవ్వాను. మనవడి చెయ్యి పట్టుకుని పాయలో దిగాను. నీళ్లు వాడి మోకాలి కింది దాకే ఉన్నాయి. రెండు పాయలు దాటి బండ ఎక్కాం.

నాగార్జునసాగర్ గురించి నేను ఎన్నిసార్లు పాఠం చెప్పి ఉంటాను! 1955 డిసెంబర్ 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడని, 26 గేట్లని, పూర్తి మట్టం 590 అడుగులని, విద్యుత్కేంద్రంలో 110 మెగావాట్లది ఒకటి, 100.8 మెగావాట్లవి ఏడు, మొత్తం ఎనిమిది యంత్రాలని. ఆ ఏడు యంత్రాలు వెనక్కి తిరిగి నీళ్లు పైకి తోడగలవని కూడా చెప్పాను. అలా తోడుకోవడానికే కింద అడవిదేవులపల్లి దగ్గర టెయిల్‌పాండ్ ఆనకట్ట కట్టారని కూడా చెప్పాను. యంత్రం తిరిగితే నీళ్లు కిందికి వస్తాయి. టెయిల్‌పాండ్‌లో పట్టనివి ఇంకా కిందికి వస్తాయి. ఆ కింద ఉన్నది వాడపల్లి. ఇది కనుక్కోవడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. నేను చెప్పిన పాఠాన్నే నేను నమ్మి ఉంటే చాలు.

ఫొటోలు తీస్తున్నాను. పొగ గొట్టం సరిగ్గా పడటం లేదని మనవణ్ణి అటు జరుగు, ఇటు జరుగు అంటున్నాను. మేం దాటి వచ్చిన పాయలో, రాళ్ల సందున ఒక ప్లాస్టిక్ సీసా ఇరుక్కుని ఉంది. వచ్చేటప్పుడు మనవడు దాన్ని చూపించాడు. ఇప్పుడు "తాతా, సీసా పోతున్నది" అన్నాడు. చూస్తే సీసా కొట్టుకుపోతోంది. అది ఇరుక్కున్న రాళ్లు లేవు. నీళ్ల కింద ఉన్నాయి.

ఆకాశం నీలంగా ఉంది. హోరు లేదు, అల లేదు. నీరు చప్పుడు లేకుండా పెరుగుతోంది. వాణ్ణి భుజాన ఎక్కించుకుని మొదటి పాయలో దిగాను. నడుము దాటింది. కాలి కింద పాచి. రెండో అడుగుకే జారాను. వాడి చేతులు నా మెడ చుట్టూ బిగుసుకున్నాయి. వెనక్కి తిరిగి ఎలాగో మళ్లీ బండ పట్టుకున్నాను. ఆ బండ కూడా సగం అయింది.

పుట్టి వచ్చింది. ఆయన దాన్ని ఎప్పుడు తిప్పాడో, ఎప్పుడు నీళ్లలోకి నెట్టాడో నేను చూడలేదు. తెడ్డు బండకు ఆనించి, "పిల్లగాన్ని ఇటియ్యి" అన్నాడు. అప్పుడు సారూ అనలేదు. వాణ్ణి అందుకుని పుట్టి అడుగున కూర్చోబెట్టి, నా రెక్క పట్టి లాగాడు. తడిసిన మనిషిని పుట్టిలోకి ఎక్కించడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. కొంచెం అటూ ఇటూ అయితే పుట్టి బోర్ల పడేది. ముగ్గురం పోయేవాళ్లం.

ఒడ్డుకు వచ్చాక తన తువ్వాలతో మనవడి తల తుడిచాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అయిదు వందల నోటు తీసి ఇవ్వబోతే, "పోరడు బుగులు పడ్డడు. ఏమన్న కొనియ్యి" అని వల ముందుకు లాక్కున్నాడు.

ఇక్కడితో అయిపోయి ఉంటే దీన్ని తెలివితక్కువతనం అని సరిపెట్టుకునేవాణ్ణి. ఇంటికి వెళ్లాక చేసింది అంతకంటే చెడ్డది. తడి బట్టలు చూసి మా అమ్మాయి అడిగింది. "వద్దన్నా వినకుండా రేవులో దిగిండు. పట్టుకోబోయి నేనూ తడిసిన" అన్నాను. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, వచ్చింది. మా అమ్మాయి వాడి చెంప మీద కొట్టింది. వాడు ఏడవలేదు. నా వైపు చూశాడు. నిజం చెప్పలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు తాత పరువు కాపాడాడు. నేను వాడి పక్కన నిలబడి చూస్తూ ఊరుకున్నాను.

మా అమ్మాయి ఈ పత్రిక చదువుతుంది. అమ్మా, ఆ రోజు తప్పు వాడిది కాదు. వాడు నా చెయ్యి పట్టుకుని, నేను ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వచ్చాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. 2014 జూన్ 8 గుర్తొచ్చింది. హిమాచల్‌లో బియాస్ నదిలో, హైదరాబాదు ఇంజనీరింగ్ విద్యార్థులు బండల మీద ఫొటోలు దిగుతుంటే, ఎగువన లార్జి ప్రాజెక్టు నుంచి నీళ్లు వదిలారు. 24 మంది మన పిల్లలు పోయారు. తెలంగాణ వచ్చి అప్పటికి ఆరు రోజులు. ఆ వీడియో చూసి నేను ఏడ్చాను. బడులు తెరిచాక ప్రార్థనలో నిలబడి, డ్యాముల కింద నదుల్లో దిగవద్దని పిల్లలందరికీ చెప్పాను. ఆ చెప్పినవాణ్ణి నేనే. అదే బండ, అదే ఫొటో, అదే నీళ్లు. హెచ్చరించేవాడు పక్కనే ఉన్నా వినలేదు.

ఎందుకు వినలేదు? దీని మీద చాలా ఆలోచించాను. ఆ మాటే ఒక ఇంజనీరు చెప్పి ఉంటే ఆగేవాణ్ణి. తాటికాయంత అక్షరాలతో బోర్డు మీద రాసి ఉంటే ఆగేవాణ్ణి. పుట్టి నీడన, చిరుగుల బనియన్‌తో కూర్చున్న మనిషి చెప్పాడు కాబట్టి అది నాకు మాటగా వినపడలేదు. చదువు నాది, నది మాత్రం ఆయనది అనుకోలేకపోయాను.

మూడు వారాలకు ఒక్కణ్ణే మళ్లీ వాడపల్లి వెళ్లాను. ఆయన అక్కడే ఉన్నాడు. చేతులు పట్టుకుని తప్పయిందన్నాను. "కూసో సారూ" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన చెప్పినవి నేను విన్నాను. వల తాడు ఒక గుంజకు కట్టి ఉంచుతాడు. తాడు బిగుసుకుంటే పై నుంచి నీళ్లు వచ్చినట్టు లెక్క. రేవు రాతి మీది తడి గీత చూసి నీళ్లు పెరుగుతున్నాయో తగ్గుతున్నాయో చెబుతాడు. బొచ్చెలు, రవ్వలు, జెల్లలు ఏ నెలలో ఎక్కడ పడతాయో చెప్పాడు. ఆయన భార్య పుట్టిన ఊరు పులిచింతల ముంపులో పోయిందట. అత్తగారి ఊరు ఎటు అంటే చెయ్యి చాచి నీళ్లనే చూపించాడు.

తర్వాత నన్ను సంగమం దగ్గరికి తీసుకెళ్లాడు. మూసీ ఒక రంగు, కృష్ణ ఒక రంగు. కొంత దూరం కలవకుండా పక్కపక్కనే పోతున్నాయి. మూసీ అంచున నురగ. "అటు దిక్కు వల ఏస్తే జిగురు పడ్తది సారూ. పట్నం కడుక్కున్న నీళ్లు గదా" అన్నాడు. ముప్పై ఏళ్లు బోర్డు మీద నేను పెట్టిన చుక్కకు రంగు లేదు, వాసన లేదు. వాసన వేసే ఆ నీళ్లలోనే ప్రతి కార్తీకంలో మునిగి, చెంబుతో ఇంటికి తెచ్చుకున్నాను కూడా. పక్కనే మనిషి ఉన్నాడు. ఇవి ఎక్కడి నుంచి వస్తున్నాయని అప్పుడూ ఆయన్ని అడగలేదు.

2024 అక్టోబర్‌లో మన మంత్రులు, అధికారులు మూసీని బాగు చేయడం కోసం సియోల్ వెళ్లి అక్కడి నదిని, వాగును చూసి వచ్చారు. మంచిదే. తెహ్వా మారింది కాబట్టి మూసీ కూడా మారగలదని నేను నమ్ముతాను. ఆ పెద్దలకు నా విన్నపం ఒకటే. మూసీ మొదలు చూశారు, నడుమ చూశారు, పరాయి దేశంలో నదులు చూశారు. దాని కొస కూడా ఒకసారి చూడండి. వాడపల్లి రేవులో వల బాగు చేసుకునే మనిషి పక్కన ఒక పూట కూర్చోండి. నది అయిపోయే చోట ఏం మిగులుతుందో ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

ఉల్సాన్‌కు ఆ ఫొటో నేను పంపలేదు. ఫోన్ నీళ్లలో పోయింది. తర్వాత మావాడు అడిగితే జరిగింది మొత్తం చెప్పాను. మొదట నిజం విన్నవాడు వాడే. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లగాడు ఎట్లున్నడు మామా?" అని అడిగాడు. మా మనవడు ఈత నేర్చుకోలేదు. నేర్పిస్తామంటే వద్దంటాడు.

2028లో కృష్ణా పుష్కరాలు వస్తున్నాయి. 2016లో వచ్చినట్టే వాడపల్లికి జనం పోటెత్తి వస్తారు. మీరూ వస్తారు, పిల్లల్ని తెస్తారు. వానాకాలమైనా, ఎండాకాలమైనా, రేవు మెట్టు దిగే ముందు పుట్టి దగ్గర కూర్చున్న మనిషిని ఒక్క మాట అడగండి: "అన్నా, ఇయ్యాల నీళ్లు ఇడుస్తరా?"